చూస్తేనే రాయండి

పదో తరగతి పరీక్షలయ్యాక, హాస్టల్ మూసేముందు, వార్డెన్ గారు మమ్మల్ని కోరంగి అభయారణ్యానికి తీసుకెళ్లారు. గోదావరి సముద్రంలో కలిసేచోట మడచెట్ల అడవి అది. 1978లో ఏర్పడింది. చెక్క వంతెన మీద నడుస్తూ నోటుబుక్కులో రాసుకున్నాం: లకుముకి పిట్టలు 4, తెల్లకొంగలు 11, పోటు తగ్గిన బురదలో గెంతే చేపలు లెక్కలేనన్ని. గట్టున అడుగుజాడలు చూసి “బావురుపిల్లి 1” అనీ రాసేశాం.

రాత్రి హాస్టల్ ట్యూబులైటు దగ్గర వాలిన రెక్కల పురుగుల్ని లెక్కపెట్టాం. పేర్లు తెలియనివాటికి రంగు, రెక్కల మీది గీతలు రాశాం. అప్పుడు మాలో ఒకడు, “ఇంతకీ పిల్లిని ఎవరు చూశార్రా?” అన్నాడు. ఎవరం మాట్లాడలేదు. రాత్రిళ్లు చేపలు పట్టే జంతువు పగలు కనబడటం అరుదు. రానివాడికి హాజరు పలికినట్టయింది మా పని! కొట్టేసి “అడుగుజాడలు మాత్రమే” అని దిద్దాం.

తమ్ముళ్లూ, ఆ పుస్తకం హాస్టల్ బీరువాలోనే ఉంది. వచ్చే వేసవిలో మీ లెక్కను మా లెక్కతో పోల్చుకుంటారు కదా! అందుకే దిద్దాం.