రొయ్యపొడియు హాంకాంగు సీసాయు

జంషెడ్‌పూరునకు నదులు రెండు కలవు గాని సముద్రము లేదు. సువర్ణరేఖయు ఖర్కాయియు కలియు చోట వెలసిన ఆ నగరమున, తెలుగువారి వంటిండ్లలో సముద్రము డబ్బాలలో నుండును. 1907లో టాటా ఉక్కు సంఘము ఏర్పడి, 1912లో సాక్చి యందు తొలి ఉక్కు పోత పోసిన పిమ్మట, శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల నుండి పనికై అనేక కుటుంబములు అచటికి తరలిపోయినవి. సెలవులకు స్వగ్రామము పోయి వచ్చు ప్రతివారి మూటలోను ఎండు రొయ్యలు, నెత్తళ్ళు ఉండెడివి. 1919లో ఊరికి జంషెడ్‌పూరను పేరు వచ్చినది. మూటలోని సరకు మాత్రము మారలేదు.

కదమా పేటలో ఒక క్వార్టరు. కొడుకు కర్మాగారములో ఉద్యోగి. తల్లి డెబ్బది దాటిన వృద్ధురాలు. ఆమె కోడలుగా ఆ ఊరు వచ్చిననాటి నుండియు రొయ్యలు వేయించుటకు ఒక వేళ నియమించుకొనెను. మధ్యాహ్నము రెండు గంటలకు ఉదయపు షిఫ్టు వారు ఇల్లు చేరి, భుజించి, నిద్రించునప్పుడు ఆమె వంటింటి కిటికీ మూసి ఇనుప మూకుడు పొయ్యిపై నుంచును. రెండిండ్లకు గోడ ఒక్కటే. ఇరుగుపొరుగు వారిలో శాకాహారులు కొందరు. చేపలు తినువారే యైనను ఎండుచేప యనగా ముక్కు మూసికొనువారు మరికొందరు. చిత్రమేమన, ఆ సీమ సంతలలో ఎండుచేపలు రాసులుగా అమ్ముడగును. తూర్పు బంగాళము నుండి వచ్చినవారికి శుట్కీ ప్రాణము. అయినను క్వార్టర్ల వరుసలో ఆ వాసనకు యజమాని ఎవ్వరును ఉండరు. ఒకనాడు పొరుగింటావిడ, కోపముతో కాదు, నవ్వుచునే, “మీ ఇంట్లో ఏదో చచ్చినట్టుంది” అన్నదట. ఆనాటి నుండి మూసిన కిటికీ అది.

బెంగళూరులో ఉద్యోగము చేయు మనుమరాలు చలికాలపు సెలవులకు వచ్చి, ఒక పెద్ద భోజనశాలలో తాను రుచి చూచిన చీనా పచ్చడిని ఇంట చేసెదననెను. దాని పేరు ఎక్స్‌ఓ సాస్. 1980 దశకములో హాంకాంగు భోజనశాలలలో పుట్టినది. ఎక్స్‌ఓ అనునది మిక్కిలి పాతబడిన బ్రాందీకి వాడు గుర్తు. పచ్చడిలో సాధారణముగా బ్రాందీ బొట్టయిన నుండదు. విలువైనదని తెలుపుటకే ఆ పేరు. ఎండబెట్టిన స్కాలప్ అను ఆల్చిప్ప మాంసము, ఎండు రొయ్యలు, ఉప్పులో ఊరవేసి ఆరబెట్టిన పంది తొడమాంసము, చిన్న ఉల్లి, వెల్లుల్లి, మిరప, నూనె: ఇవియే దాని సరకులు. చిన్న సీసాకు చెల్లించు వెల విని వృద్ధురాలు మారు పలుకలేదు. సరకుల పట్టిక వినిన పిమ్మట మాత్రము, “ఇదేటే అమ్మీ, మన రొయ్యపొడే గదా!” అనెను.

పూర్తిగా అదియే కాదు. ఆల్చిప్ప మాంసము సాక్చి బజారున దొరకలేదు. పంది మాంసము ఆ ఇంట వండరు. వానికి బదులు నెత్తళ్ళు చేరినవి. అసలు తగవు నీటి దగ్గర వచ్చినది. మామ్మ పద్ధతిలో రొయ్యల తలలు, తోకలు గిల్లి, పొడి మూకుటిలో కరకరలాడునట్లు వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, రవంత చింతపండు చేర్చి రోట దంచవలెను. మనుమరాలు రొయ్యలను గోరువెచ్చని నీట అరగంట నానవేసెను.

“ఎండబెట్టినదాన్ని మళ్ళీ నానబెట్టడమేటి?”

“ఆ నీళ్ళు పారబొయ్యకు మామ్మా. రుచంతా అందులోనే ఉంది.”

ఆ మాట అబద్ధము కాదు. 1908లో టోక్యోలో ఇకెడా అను శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచు నుండి గ్లూటమేటును, 1913లో ఆయన శిష్యుడు కొడామా ఎండబెట్టిన చేప నుండి ఇనోసినేటును రుచికి మూలములుగా గుర్తించిరి. ఇట్టి పదార్థములు నీట కరగును.

నానిన రొయ్యలను రోట నలుగగొట్టు పని మామ్మయే చేసెను. మిక్సీలో ముద్దయగునని ఆమె ఒప్పుకొనలేదు. నూనెలో చిన్న ఉల్లి తరుగు బంగారు వన్నెకు వచ్చిన పిమ్మట వెల్లుల్లి, ఆపై రొయ్యలు, నెత్తళ్ళు, కచ్చాపచ్చాగా దంచిన మిరప, వడగట్టిన నానుడు నీరు పడినవి. పిదప సన్నని సెగపై గంటసేపు కలియబెట్టుటయే. నూనెలో బుడగలు సద్దుమణిగి, తడి యావత్తు ఇగిరిన దనుక దింపరాదు. తడి మిగిలినచో పచ్చడి నిలువదు.

పొగకు దగ్గుచు మనుమరాలు కిటికీ రెక్కలు రెండును బార్లా తెరచెను. అప్పుడు సాయంకాలము అయిదు గంటలు. వీధిలో జనము తిరుగుచుండిరి. మామ్మ గరిటె చేత పట్టుకొని కిటికీ వంక చూచెను. మనుమరాలు సీసా తెచ్చుటకు లోనికి పోయిన క్షణమున, లేచి ఒక రెక్క మూసెను. రెండవది మూయలేదు.

రాత్రి అన్నములో ఆ పచ్చడి కలుపుకొని, “ఉప్పు చాలలేదు” అని మాత్రమే ఆమె అనెను. కాని రెండవమారు వడ్డించుకొనెను.

నాలుగవనాడు ప్రయాణము. మనుమరాలు సీసా మూతకు ప్లాస్టిక్ కాగితము బిగించి, ఒక సంచిలో చుట్టి, దానిని మరియొక సంచిలో పెట్టి, పైన తువాలు చుట్టుచుండెను. రైలు పెట్టెలో వాసన వచ్చినచో ఎవరేమనుకొందురోయని ఆమె భయము. మామ్మ మంచముపై కూర్చుండి కొంతసేపు చూచి, దారపు ఉండ తెచ్చి ఆమె చేతికిచ్చెను.