సిద్ధుల గుట్టపైకి... గుండె చిక్కబట్టుకుని!

నిజామాబాద్ నుంచి వస్తుంటే ఆర్మూర్‌లో ముందు కంటపడేది గుట్టే. లారీలకొద్దీ నల్లబండల్ని తెచ్చి ఎవరో ఊరి నెత్తిన కుమ్మరించి పోయినట్టుంటుంది. రాయి మీద రాయి, దాని మీద మరో రాయి. గ్రానైట్ పగుళ్లలోకి వేల ఏళ్లుగా నీరు దిగి, ఎండకు ఎండి, వానకు తడిసి అలా విడిపోయిన బండలవి. ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోయేలా కనిపిస్తాయి కానీ కదలవు. అదే నవనాథ సిద్ధుల గుట్ట. ఆరుకి మూడు కలిపితే తొమ్మిది... ఆ తొమ్మిదిమంది సిద్ధుల వల్లే ఊరికి ఆర్మూర్ అన్న పేరొచ్చిందని ఇక్కడివాళ్లు చెబుతారు.

ఉగాది సెలవులకి మేనత్తగారి ఊరు వెళ్దామంటే మా అమ్మాయి మొదట ఒప్పుకోలేదు. దాని మనసంతా విశాఖ కైలాసగిరి మీద ఉంది. అక్కడ 2025లో జిప్‌లైన్ వచ్చిందిగా! నడుముకి హార్నెస్ బిగించుకుని, ఉక్కుతీగ మీద కప్పీతో సర్రున జారిపోవడం. ‘నువ్వూ నా పక్కనే రావాలి’ అన్నది షరతు. మేడ మీది పిట్టగోడ దగ్గరికి వెళ్లాలంటేనే నాకు అరికాళ్లు జివ్వుమంటాయి. ఇక మలుపుల రోడ్డంటే చేతిలో కవరు ఉండాల్సిందే. ముందు ఈ గుట్ట ఎక్కి చూపిస్తే అప్పుడు ఆలోచిద్దామని బేరం కుదిరింది.

కడుపులో తిప్పడం ఎందుకంటే...

తప్పు కడుపుది కాదు. లోపలి చెవిలో ఉండే ద్రవం ఒళ్లు ఎటు ఊగుతోందో మెదడుకి చెబుతుంటుంది. కళ్లేమో ఎదుటి సీటునో, సెల్‌ఫోన్‌నో చూస్తూ ‘మనం కదలట్లేదు’ అంటాయి. ఈ రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడుతుంది. డ్రైవర్లకి సాధారణంగా ఈ బాధ ఉండదు... మలుపు వచ్చేది వాళ్లకి ముందే తెలుసు కాబట్టి. అందుకే ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డునే చూడాలంటారు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్లలోపు పిల్లల్లో ఇది ఎక్కువ. నాలాంటి కొందరిని మాత్రం పెద్దయ్యాకా వదలదు!

మా అత్తమ్మ మందు వేరు. ఘాట్‌రోడ్డు మొదట్లోనే కారాపించి, కొంగుముడి విప్పి అల్లం ముక్క తీసింది.

‘దవుడకు పెట్టుకో బిడ్డా. కిందికి సూడకు, ముందలికి సూడు. ఏం గాదు’ అంది.

అల్లం కొందరికి ఉపశమనం ఇస్తుందన్నది నిజమే. పసుపూ అల్లమూ ఒకే కుటుంబపు దుంపలు కూడా. పసుపు పండే ఊళ్లో ఆ ముక్క ఇంకాస్త బాగా పనిచేసిందేమో తెలీదు కానీ, కవరు అవసరం రాలేదు.

అసలు పరీక్ష పైన ఉంది. సిద్ధేశ్వరస్వామి కొలువైంది బండల మధ్య గుహలో. ఇరుకు దారిలో వంగి వెళ్లాలి. భుజాలకి రాయి తగులుతుంటుంది. ముందు వెళ్లే భక్తుడు ఆగితే మనమూ ఆగాల్సిందే. అలా ఆగినప్పుడు నా గుండె చప్పుడు నాకే వినిపించింది. వెనకనుంచి చిన్న చెయ్యి ఒకటి నా కొంగు పట్టుకుంది. ‘అమ్మా, నాక్కూడా భయమేస్తోంది’ అంది మా అమ్మాయి. జిప్‌లైన్ ఎక్కుతానన్న పిల్లేనా అనిపించింది. చీకట్లో నవ్వుకున్నాను... ఎందుకో ఊపిరి సర్దుకుంది.

బయటికొస్తే గాలే గాలి. కింద కళ్లాల్లో పసుపు ఆరబోసి ఉంది. తవ్విన దుంపల్ని ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెడితేగానీ కొమ్ము బజారుకి పోదు. దాదాపు తొమ్మిది నెలల పంట. నిజామాబాద్ యార్డుకి చేరాక ఏ ధర పలుకుతుందోనన్న దడ ముందు నా గుహ భయం ఏపాటిది! 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు, ఎక్కువమంది రైతులే. పసుపు బోర్డు కావాలన్నది వాళ్ల డిమాండు. జాతీయ పసుపు బోర్డు 2025 సంక్రాంతి రోజున మొదలైంది.

గుట్ట మీద కూర్చుంటే మలావత్ పూర్ణ గుర్తురాకుండా ఉండదు. ఇదే జిల్లాలోని పాకాల అమ్మాయి. భువనగిరి బండ మీద తొలిపాఠాలు నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ సంగతి చెబితే మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ‘అయితే మెట్ల మీంచి దిగుదాం’ అంది. దిగాం. ఒకటి రెండుచోట్ల కూర్చుని జరిగాను... చూసినవాళ్లు చూశారు.

కైలాసగిరికి టికెట్లు ఇంకా తీయలేదు. తేదీ మాత్రం క్యాలెండర్‌లో రాసిపెట్టేసింది.

ఇలా వెళ్లొచ్చు: ఆర్మూర్ 44, 63 జాతీయ రహదారుల కూడలిలో ఉంది. నిజామాబాద్ - పెద్దపల్లి రైలు మార్గంలో స్టేషనూ ఉంది. గుట్ట మీదికి మెట్లు, ఘాట్‌రోడ్డు రెండూ ఉన్నాయి. ఎండాకాలం బండలు కాలిపోతాయి కాబట్టి పొద్దున్నే ఎక్కడం మేలు. దారిలో అంకాపూర్ నాటుకోడి ఊరిస్తుంది... మలుపులు పడనివాళ్లు దాన్ని గుట్ట దిగాకే తినాలి.