మా యింటి మొదటి కారు

గడచిన కార్తికమాసమున మేము అక్కచెల్లెండ్రము ముగ్గురము చాలకాలమునకు మా పుట్టినూరగు రామచంద్రపురమునకు పోయితిమి. ఒకతె కాకినాడనుండియు, ఒకతె హైదరాబాదునుండియు, కడగొట్టుది ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమునుండియు వచ్చి కలిసికొంటిమి. సోమవారమునాడు ద్రాక్షారామమున భీమేశ్వరుని, కోటిపల్లిలో సోమేశ్వరుని సేవించుకొనవలెనని మా సంకల్పము. కాని సోదరీమణులారా, మేమిచ్చట వ్రాయబూనినది తీర్థయాత్రా విశేషములు కావు. ఆ దారిని మమ్ము మొదట నడిపించిన యొక మోటారుకారు కథ.

ఇంటికి చేరి వీథితలుపు తెఱచినతోడనే మా ముగ్గురి చూపులును ఒక్కచోటనే నిలిచినవి. గుమ్మము ప్రక్కన గోడకు తుప్పుపట్టిన మేకొకటి నేటికిని ఉన్నది. పూర్వము కారు తాళము దానికే వ్రేలాడుచుండెడిది. పెరటిలో కారు నిలిపెడి పెంకుటిపాక మాత్రము లేదు. అచ్చట ఇప్పుడు కరివేపచెట్టు పెరిగియున్నది.

రామచంద్రపురము గోదావరి తూర్పు డెల్టాలోని యూరు. ధవళేశ్వరమున 1852లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు ఈ సీమకంతకును జీవము పోసినవి. వరిచేలు, కొబ్బరితోటలు, కాలువగట్ల వెంబడి బాటలు, రాజావారి కోట, ఇవి మా యూరి గుఱుతులు. కాకినాడనుండి మా యూరిమీదుగా కోటిపల్లికి 1928లో రైలుమార్గము వేసిరి. కాని రెండవ ప్రపంచయుద్ధపు టవసరములకై 1940లో ఆ పట్టాలను పెఱికి తీసికొనిపోయిరి. మఱల 2004వ సంవత్సరమున గాని ఆ దారిని రైలు నడువలేదు. కావున మా చిన్నతనమంతయు మా యూరికి రైలు లేని కాలమే.

మా అమ్మకు పుట్టినిల్లు గౌతమికి ఆవలి యొడ్డున ముక్తేశ్వరము. బస్సో జట్కాయో యెక్కి ఇంచుమించు పదునెనిమిది కిలోమీటర్లు పోయి కోటిపల్లి చేరవలెను. అచ్చట రేవులో నావయెక్కి యేఱు దాటవలెను. అంత దగ్గఱనున్నను అమ్మ తన తల్లిని చూచుట సంవత్సరమున కొకటి రెండు సారులే.

మా నాన్నగారికి ధాన్యపు వర్తకము. మండపేటకును, కాకినాడకును, రాజమహేంద్రవరమునకును తఱచు తిరుగవలసి వచ్చెడిది. 1970లో వారొక పాత అంబాసిడరు కారును కొనిరి. క్రొత్తది కావలెనన్నచో సొమ్ము కట్టి సంవత్సరముల తరబడి వేచియుండవలసిన దినములవి. ఆనాడు మన దేశమున తయారగుచుండిన కార్లలో జనులు ముఖ్యముగా నెఱిగినవి మూడు: బొంబాయి కుర్లాలోని ఫియట్టు, మద్రాసులోని స్టాండర్డు హెరాల్డు, కలకత్తా చెంత ఉత్తరపారాలోని అంబాసిడరు. బిర్లావారు 1942లో స్థాపించిన హిందూస్థాన్ మోటార్సు సంస్థ మొదట గుజరాతులోని ఓఖా రేవున పని ప్రారంభించి, 1948లో ఉత్తరపారాకు తరలినది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు మూడవ శ్రేణిని నమూనాగా గొని, 1957లో అంబాసిడరను పేర దానిని తయారుచేయసాగిరి.

మా కారుది పాలమీగడ రంగు. ముందును వెనుకను సోఫాలవంటి పొడవైన సీట్లు. గేరుకఱ్ఱ స్టీరింగు చక్రమునకు ప్రక్కనే యమర్చబడియుండుటచే ముందుసీటునను ముగ్గురు కూర్చుండుటకు వీలుండెడిది. పెద్దలు పిన్నలు కలిసి పదిమందిమి అందులో పెండ్లికి పోయిన దినములు మాకు జ్ఞాపకమున్నవి. కారు వచ్చిననాడు బామ్మగారు దానికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టించి దిష్టి తీసిరి. వీథివారందఱును వచ్చి చూచిరి. మేము వెనుకసీటున కూర్చుండి, కారు కదలకున్నను, అద్దములు దింపుచు ఎత్తుచు మధ్యాహ్నమంతయు గడపితిమి.

అయినను, కారు వచ్చినది గాని మా యింటి ఆడువారి ప్రయాణములు హెచ్చలేదు. నాన్నగారికి పని యుండరాదు, డ్రైవరు సెలవులో నుండరాదు, వారము వర్జ్యము కుదురవలెను. ఇన్నియు కలిసివచ్చిననాడు గుడికో పెండ్లికో పోవుట. మేకునకున్న తాళమును దినమును తుడిచి పెట్టునది అమ్మ. దానిని తీయువారు మాత్రము మగవారే. ఇందులో నెవరి దోషమును లేదు. అట్లుగాక మఱియొక రీతి యుండునని ఎవరికిని తోచలేదు, అమ్మకును తోచలేదు.

1972 భాద్రపదమున ఒకనాటి సాయంకాలము ముక్తేశ్వరమునుండి మనిషి కబురు తెచ్చెను. అమ్మమ్మకు చాల జబ్బుగా నున్నదనియు, అమ్మ పేరే కలవరించుచున్నదనియు చెప్పెను. సూర్యుడింకను గ్రుంకలేదు. కారులో బయలుదేరిన అరగంటలో కోటిపల్లి చేరి ఆఖరు నావ నందుకొనవచ్చును. కాని నాన్నగారు ఆనాడు బస్సులో రాజమహేంద్రవరమునకు పోయియుండిరి. డ్రైవరు తన చెల్లెలి పెండ్లికని సెలవుమీద నుండెను. వచ్చిన మనిషి వీథులన్నియు తిరిగెను గాని కారు నడుపువాడొక్కడును దొరకలేదు. అమ్మ గుమ్మము ప్రక్కన నిలిచి తాళమువైపు చూచిన చూపు మేమెన్నడును మఱువజాలము.

తుదకు జట్కా కట్టించుకొని అమ్మయు, మాలో పెద్దదియు బయలుదేరిరి. దారిలో వాన పట్టుకొన్నది. గుఱ్ఱము బురదలో మెల్లమెల్లగా నడువగా కోటిపల్లి చేరునప్పటికి రాత్రి యెనిమిది దాటినది. ఏఱు పోటుమీద నుండెను. చీకటిలో నావ వేయుటకు సరంగు లెవ్వరును సాహసింపరైరి. సోమేశ్వరుని గుడి మెట్లపై తడిసిన చీరతో కూర్చుండి, ఆవలి యొడ్డున మినుకుమినుకుమను దీపములను చూచుచు అమ్మ తెల్లవార్లు గడపెను. ఉదయమున తొలి నావలో ఏఱు దాటి ఇల్లు చేరిరి. అప్పటికి రెండు గంటల క్రిందటనే అమ్మమ్మ ప్రాణము పోయినదట.

పండ్రెండు దినములు కడచిన పిమ్మట అమ్మ ఇంటికి వచ్చెను. నాన్నగారితో తగవాడలేదు, ఏడువలేదు. భోజనము వడ్డించుచు ఒక్కమాట యనెను: "ఇంట్లో కారుంది. తాళం నా చేతికందే ఎత్తులోనే ఉంది. అయినా మా అమ్మని చూసుకోలేకపోయాను. నేను నేర్చుకుంటానండి."

నాన్నగారు చాలసేపు మాటాడలేదు. అన్నము సగములోనే చేయి కడుగుకొనిరి. మఱునాటి యుదయమున డ్రైవరును పిలిచి, "ఇవాళ్టినుంచి అమ్మగారికి బండి నేర్పు," అని మాత్రము చెప్పిరి. వాడు మొదట నవ్వులాట యనుకొనెను. తరువాత తలగోకికొని, "ఆయ్, అలాగేనండి. అమ్మగారూ, బండికి మీరు భయపడకూడదండి, బండే మీకు భయపడాలండి," అనెను.

అమ్మకప్పుడు ముప్పదితొమ్మిదవ యేడు. తెల్లవాఱకముందే లేచి, చీరకొంగు నడుమున బిగించి, చెప్పులు విడిచి కారెక్కెడిది. జనసంచారము లేని కాలువబాటపై నభ్యాసము. క్లచ్చి మెల్లగా వదలుట, స్టీరింగు ప్రక్కనున్న కఱ్ఱతో గేరులు మార్చుట, కాలితో నొక్కెడి మీటతో దీపముల వెలుగు దింపుట, చలిదినములలో చోకు లాగి యింజను బయలుదేర్చుట, బ్యాటరీ నీరసించినపుడు ముందు భాగమున హ్యాండిలు పెట్టి త్రిప్పించుట, ఇన్నియు నేర్చుకొనెను. చోదనము నేర్చుట పిండివంటవంటిదే యని తరువాత మాతో చెప్పెడిది. పాకము కంటితో గాక చేతితో తెలిసినట్లు, క్లచ్చి పట్టు పాదమునకు తెలియవలెనట. మూడుమాసములలో కాకినాడకు పోయి లైసెన్సు తెచ్చుకొనెను.

ఊరిలో మాటలు పుట్టకపోలేదు. "ఆడది బండి తోలడమేమిట"ని కొందఱు, "వీళ్లకి డబ్బెక్కువైంది" అని కొందఱు ననిరి. 1973లో పశ్చిమాసియా యుద్ధము వలన పెట్రోలు ధర మండిపోయినప్పుడు ఆ మాటలు మఱింత హెచ్చినవి. బామ్మగారే మొదట మొగము ముడిచిరి. కాని ఒక కార్తిక సోమవారమున అమ్మ వారిని ద్రాక్షారామమునకు తీసికొనిపోయి, రెండంతస్తులంత యెత్తైన భీమేశ్వరలింగమునకు పై యంతస్తున జరుగు పూజను కన్నులార చూపి, వంటవేళకు ఇంటికి చేర్చెను. అప్పటినుండి వారే యిరుగుపొరుగు వారితో, "మా కోడలుంది, మాకేం లోటు?" అనసాగిరి.

ఆనాటి ప్రయాణమున జరిగిన వేడుక యొకటి చెప్పవలెను. రేడియేటరులో నీరు పోయుట మేమే మఱచితిమి. సగము దారిలో బోనెటునుండి ఆవిరి బుస్సున లేచెను. అమ్మ తొందరపడక కారు ప్రక్కకు తీసి యింజను ఆపెను. వేడిగా నున్నపుడు మూత తీసిన ఆవిరి మొగముపై చిమ్ముననియు, కాగిన యింజనులో ఒక్కసారిగా చన్నీరు పోయరాదనియు డ్రైవరు నేర్పియుండెను. అది చల్లారువఱకు గట్టుమీద చింతచెట్టు క్రింద కూర్చుండి, అభిషేకమునకు తెచ్చిన రాగిచెంబులతో కాలువనీరు తెచ్చి కొంచెము కొంచెముగా పోసితిమి. "ముందు దీనికి అభిషేకం, తరువాత భీమేశ్వరుడికి," అని బామ్మగారు నవ్విరి.

ఒకనాటి నడిరాత్రి పొరుగింటి కోడలికి నొప్పులెక్కువయ్యెను. మంత్రసాని భయపడి చేతులెత్తివేయగా ఆ యింటివారు మా తలుపు తట్టిరి. నాన్నగారు ఆనాడును ఊరిలో లేరు. అమ్మ ఒక్కమాటయు అడుగక మేకుననున్న తాళము తీసెను. ముప్పది కిలోమీటర్లకు అటునిటుగా నున్న కాకినాడ ఆసుపత్రికి గంటలోపల చేర్చినది. తల్లియు బిడ్డయు క్షేమముగా తిరిగివచ్చిరి. ఆ తరువాత మా యూరిలో ఎవరును అమ్మ బండి నడుపుట తప్పనలేదు. 1974లో రాజమహేంద్రవరమున క్రింద రైలును పైన మోటారుదారియునుగల గోదావరి వంతెన తెఱచినపుడు, మమ్మందఱ నెక్కించుకొని కొవ్వూరువఱకు పోయి వచ్చినదియు అమ్మయే. నాన్నగారు ప్రక్కసీటున కూర్చుండి, దారిపొడుగునను, "మెల్లగా, మెల్లగా," అనుచునే యుండిరి.

కాలము మాఱినది. 1983 డిసెంబరులో మారుతి కార్లు వచ్చినవి. తేలికయైన చిన్నబండ్లు వీథులలో నిండినవి. అమ్మకు చూపు మందగించినపిమ్మట మా కారును ఒక టాక్సీవానికి అమ్మివేసితిమి. ఉత్తరపారాలో అంబాసిడరు తయారగుట 2014 మే నెలలో నిలిచిపోయినది. ఆ పేరును 2017లో ఫ్రాన్సుదేశపు ప్యూజో సంస్థవారు ఎనుబదికోట్ల రూపాయలకు కొనిరి.

ఈ మాటలు చెప్పుకొనుచుండగా మా మెల్బోర్ను చెల్లెలు తన పొరుగింటి ముసలమ్మ కథ చెప్పినది. ఆస్ట్రేలియనులకు హోల్డెను కారు మనకు అంబాసిడరువంటిదట. 1948 నవంబరు 29వ తేదీన మెల్బోర్నులో నాటి ప్రధాని చిఫ్లీగారు మొదటి హోల్డెనును లోకమునకు చూపిరి. దానితో పోటీపడిన ఫోర్డు ఫాల్కను తయారీ 2016 అక్టోబరులోను, హోల్డెను తయారీ 2017 అక్టోబరు 20వ తేదీనను ఆ దేశమున నిలిచిపోయినవి. హోల్డెను నిలిచిననాడు ఆ ముసలమ్మ తన పాత కారు ఛాయాపటము చూపి కన్నీరు పెట్టుకొనెనట. "ఆ కారులో మొదట ఎక్కడికి వెళ్లారు?" అని మా చెల్లెలడుగగా, "ఇంకెక్కడికమ్మా, మా అమ్మను చూడడానికి," అనెనట. సముద్రముల కావలనున్న ఆమెకును మా అమ్మకును కోరిక యొక్కటియే. ఆమెకు తీఱినది, మా అమ్మకు తీఱలేదు.

సోమవారమునాడు మేము మువ్వురమును వంతులవారీగా కారు నడుపుకొనుచు ద్రాక్షారామము సేవించి, ప్రొద్దువాలువేళకు కోటిపల్లి చేరితిమి. రేవున పంటు సిద్ధముగా నుండెను. కారును దానిపై కెక్కించి గౌతమిని దాటుచు, గుడి మెట్లవైపు తిరిగి చూచితిమి. మాలో పెద్దది కన్నులు తుడుచుకొని, "ఆ రాత్రి ఇక్కడే," అన్నది. తక్కిన మేమిద్దరము ఏమియు ననలేకపోతిమి. అమ్మ తరువాత ఎన్ని వేల కిలోమీటర్లు నడిపినను ఆ యొక్క రాత్రి తిరిగి రాలేదుగదా! కాని ఆ రాత్రి మాకు రాకుండునట్లు మాత్రము ఆమె చేసినది. మేము ముగ్గురమును పదునెనిమిదేండ్లు నిండినతోడనే ఆమె చెంతనే కారు నడుప నేర్చితిమి.

సోదరీమణులారా, నేడు చాల ఇండ్లలో కార్లున్నవి, స్కూటర్లున్నవి. మీ యింట బండి యున్నచో దాని తాళము ఎచ్చట నుండునో ఒకసారి చూడుడు. అది మీ చేతికందు ఎత్తున నుండుట చాలదు. తీసి నడుపుట మీకు తెలిసియుండవలెను, మీ కూతుండ్రకును కోడండ్రకును తెలిసియుండవలెను. కబురు ఏ సాయంకాలము వచ్చునో ఎవరెఱుగుదురు? ఆఖరు నావ మనకొఱకు నిలువదు.