నకలు కాదు

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ మేడను చూసి ‘ఇంగ్లండు పల్లెల్లో ప్రభువుల బంగళాకి నకలు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. భిలాయి సెక్టర్ 6లో ఉండేవాళ్ళకి ఆ మాట మరీ గుచ్చుకోవాలి. ఈ ఊరూ పరాయి సాయంతో, ముందు కాగితం మీద పుట్టిందే. 1955లో సోవియట్‌ రష్యాతో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్‌ఫర్నేస్‌ ప్రారంభం, వీధికో నంబరు, ఇంటికో నంబరు. అయినా ఒకే అచ్చులో పోసిన క్వార్టర్లలో ఒక పెరట్లో మునగ, ఒక పెరట్లో కరివేపాకు, తెలుగువాళ్ళ వాకిట్లో ముగ్గు. నమూనా ఎక్కడిదో తెలిసినంత మాత్రాన ఇల్లు ఎవరిదో తెలిసిపోదు.

‘మరి రెసిడెన్సీ స్తంభాలో?’ అంటారు. నిజమే, ముఖద్వారం ముందు ఆరు కోరింథియన్‌ స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు. గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళంలోని శామ్యూల్‌ రస్సెల్‌. నకలు అనే మాట వాడి తీరాలంటే కలకత్తా గవర్నమెంట్‌ హౌస్‌కి వాడాలి. 1803లో పూర్తయిన దానికి డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్‌ హాల్‌ నమూనా. ఆ కెడిల్‌స్టన్‌లో పుట్టిన కర్జనే వైస్రాయిగా వచ్చి కలకత్తా మేడలో కాపురమున్నాడు. అయినా కెడిల్‌స్టన్‌ మాత్రం ఎవరి సొంతం? దాని పోకడ ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియోది. ఆయనది పాత రోముది. పైగా రాతివాటిలా కనిపించే పల్లాడియో స్తంభాలు చాలాచోట్ల ఇటుక కట్టి సున్నం పూసినవే. సున్నాన్ని పాలరాయిలా మెరిపించడం దక్కను మేస్త్రీలకి ఒకరు నేర్పవలసిన విద్యా? ఆ నునుపును ఎవరూ మెచ్చుకోరు, స్తంభం తలమీది ఆకులనే లెక్కపెడతారు.

అసలు ఇంగ్లండు పల్లె మేడకి ప్రాణం స్తంభాల్లో లేదు, భూమిలో ఉంది. చుట్టూ సొంత పొలాలు, రైతుల శిస్తు, తరతరాల వారసత్వం. రెసిడెన్సీ కట్టించిన బ్రిటిష్‌ రెసిడెంటు జేమ్స్‌ అకిలీస్‌ కిర్క్‌పాట్రిక్‌కి అవేవీ లేవు. స్థలమూ ఖర్చూ నిజాంవి. మొదట పెద్ద కాగితం మీద గీసిన పటం చూసి, తన రాజ్యం పటమంత ఉందని నిజాం కాదన్నాడనీ, దాన్నే చిన్న అట్టముక్క మీద గీయించి చూపితే సరే అన్నాడనీ ఒక కథ ఉంది. కథే కావచ్చు, కానీ ఆ మేడ ఎవరి దయ మీద లేచిందో చెబుతుంది. వెనకవైపు భార్య ఖైరున్నీసా కోసం కట్టిన రంగమహల్‌ ఉండేది. తర్వాత దాన్ని కూల్చేశారు. ముందువైపు దర్బారు, వెనక జనానా. అలాంటి అమరిక ఏ ఇంగ్లీషు మేడలో ఉంది? పరదా వల్ల ఆమె ఇంటి ముందుభాగం చూడలేదు కనుక, స్తంభాలతో సహా మేడనంతా చిన్నదిగా కట్టించి తోటలో పెట్టించాడంటారు. 1949లో ఆ ఆవరణ ఆడపిల్లల కాలేజీ అయింది. రంగమహల్‌ పోయినా ఆ బుల్లి మేడ మాత్రం తోటలో మిగిలింది.