పైలట్ బ్యాగులో రెండో కళ్ళజోడు

మా ఆరో తరగతిలో ఓ బాబు కళ్ళు చికిలించి బోర్డు చూస్తాడు. కళ్ళజోడు బ్యాగులోనే ఉంటుంది. "పెట్టుకుంటే పైలట్ కాలేను మేడమ్" అన్నాడు. ఇంట్లో ఎవరో చెప్పారట.

అందుకే మీకు రాస్తున్నాను. కొత్త పైలట్ డ్యూటీకి లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్, టార్చి, హెడ్‌సెట్ తీసుకెళ్తాడు. ఒకప్పుడు కిలోలకొద్దీ మోసిన మ్యాపులు ఇప్పుడు ట్యాబ్‌లోకి వచ్చేశాయి (మన పిల్లల బ్యాగులకు ఆ అదృష్టం ఎప్పుడో!). కళ్ళజోడు వాడే పైలట్ అయితే ఇంకో జత కూడా వెంట ఉంచుకోవాలి. అది రూలు. అద్దాలతో చూపు సరిపడా ఉంటే క్లాస్ 1 మెడికల్ పాసవచ్చు. రంగులు గుర్తించడం మాత్రం వేరే పరీక్ష.

దయచేసి కళ్ళజోడు పెట్టించే పంపండి. వీలైతే రెండోది కూడా బ్యాగులో వేయండి. ఆటల పీరియడ్‌లో మొదటిది ఎంతకాలం ఉంటుందో మాకు తెలుసు.