ఎదురుచూపుల వలయం

యంత్రంలో ఏ భాగమూ చెడిపోలేదు. విద్యుత్తు ఉన్నది, డిస్కు నిక్షేపంగా తిరుగుతున్నది. అయినా కంప్యూటరు కదలదు. లోపలి పనివాళ్ళందరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు.

1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ఇటువంటి స్తంభన ఒకటి చెప్పుకోదగినది. డిస్కును నడిపే ప్రోగ్రాము, అనగా డ్రైవరు, తన పనులన్నింటినీ అప్పటికప్పుడే చేయదు. కొన్నింటిని ఒక వరుసలో ఉంచుతుంది. వ్యవస్థ పోషించే ఉమ్మడి పనివాళ్ళు వాటిని అందుకుంటారు. ఈ పనివాళ్ళూ ప్రోగ్రాము తునకలే. ఉన్నవారందరూ ఎక్కడో చిక్కుకుపోతే కొత్తవాడు పుట్టాలి. పుట్టడానికి కాస్త మెమరీ కావాలి.

మామూలు రోజులలో దానికి లోటుండదు. మెమరీ నిండిపోయిన వేళలోనే వస్తుంది చిక్కు. ఖాళీ చేయాలంటే అందులో ఇంకా భద్రపరచని సమాచారాన్ని డిస్కు మీద వ్రాయాలి. వ్రాయడానికి డ్రైవరు పని సాగాలి. ఆ పనికి పనివాడు కావాలి. పనివాడికి మెమరీ కావాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు!

ఇక మిగిలేది మీట నొక్కి ఆర్పివేయడమే. అప్పటికి డిస్కుకు చేరని లెక్కలూ, ఉత్తరాలూ దానితోనే పోతాయి. లోపానికి సాక్ష్యమూ పోతుంది. కదలని పనిని కనిపెట్టి 120 సెకన్లకు హెచ్చరిక వ్రాసే ఏర్పాటు లినక్సులో లేకపోలేదు. కాని ఆ హెచ్చరిక భద్రం కావలసినదీ తరచు ఆ డిస్కు మీదనే! మెమరీ పుష్కలంగా ఉన్న పరీక్షశాలలో ఈ జబ్బు బయటపడదు.

ఎండిన చేతిపంపు నీళ్ళివ్వాలంటే ముందు దానిలో చెంబెడు నీళ్ళు పోయాలి. ఆ చెంబు నింపి పక్కన పెట్టుకోవడం పల్లెలలో అందరికీ తెలిసిన విద్యే. 2010లో తేజున్ హో లినక్స్ పనుల వరుసలను తిరగవ్రాసినప్పుడు చేసిన ఏర్పాటు అటువంటిదే. వరుసను సృష్టించేటప్పుడు డ్రైవరు రచయిత ఒక గుర్తు చేర్చితే, మెమరీ ఉండగానే ఒక రక్షకుడు పుట్టి, ఆ వరుస కోసమే నిద్రిస్తాడు. కరువు వచ్చిననాడు లేచి పనులను ఒక్కొక్కటిగా ముగిస్తాడు.

సవరణ ఒక్క మాట. అది ఎక్కడ చేరాలో తేల్చడమే కష్టం. ప్రతి వరుసకూ చేర్చితే రక్షకులే మెమరీని తినివేస్తారు. గుర్తున్న వరుసలోని పని, గుర్తు లేని వరుసలోని పని కోసం ఆగితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. అటువంటి నిరీక్షణ కంటపడగానే హెచ్చరించే తనిఖీని తరువాత లినక్సులో చేర్చారు. ఆ హెచ్చరిక చూసిన పిమ్మటనే కొన్ని డ్రైవర్లకు ఆ ఒక్క మాట చేరింది.