నా బిడ్డ సంగతి నీకెట్ల తెలుసు?

మా ఇంట్లో ఇప్పుడు అన్నిటికంటె ఎక్కువ పనిచేసేది బేడం. కూలర్ మోటరు తిరిగితే తిరుగుతది, లేకుంటే లేదు. ఇన్వర్టర్ బ్యాటరీ ముసలిదైంది. బేడం మాత్రం ఒక్కనాడూ మొరాయించదు. పొద్దుగాల టక్కుమంటది, బడి నుంచి వచ్చినంక టక్కుమంటది, రాత్రి అన్నం తిన్న చెయ్యి తడి ఆరకముందే మళ్ల టక్కుమంటది. లోపల మా బిడ్డ, పదో తరగతి. బయట నేను, జామకాయ ముక్కలు కోసిన పల్లెం పట్టుకొని.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"ఏం లే."

"తింటవా?"

"ఆడ పెట్టు."

ఆడ అంటే ఎక్కడ? గడప ముందరనా? మా ఊరి నరసింహస్వామి సుత వేళకు తలుపులు తీసి దర్శనమిస్తడు. పొద్దున ఇన్ని గంటలకు, సాయంత్రం ఇన్ని గంటలకు అని బోర్డు మీద రాసి ఉంటది. ఈమెకు బోర్డు లేదు.

తలుపుల మీద నాకొక పురాణం ఉంది. మొదలుపెడితే మా ఆయన చెప్పులు తొడుక్కొని బయటికి పోతడు. మీరు కూచోండి. మేం పుట్టి పెరిగింది గోదావరి దిక్కు పోయే గల్లీలో పాత భవంతి ఇంట్లో. నడుమ వాకిలి, చుట్టూ అర్రలు. వంటర్ర, దేవునర్ర, వడ్లర్ర. తాళం పడేది వడ్లర్రకొక్కదానికే. మిగతావాటికి తలుపులున్నయంటే ఉన్నయి. అవతలి ఒడ్డున జన్నారం అడవి టేకు అని మా తాత గొప్పలు చెప్పేటోడు గాని, వానకాలం ఉబ్బి మూతపడకపోయేది, ఎండకాలం మూతపడితే రాకపోయేది. అందుకని ఎవరూ మూసేటోళ్లు కాదు. ఇంత పెద్ద ఇంట్లో ఆడపిల్లకు ఏడుపొస్తే ఎక్కడ ఏడ్వాలె? నేను దేవునర్రలో పటాల ముందు కండ్లు మూసుకొని కూచొని ఏడ్చేదాన్ని. పదో తరగతికే పిల్లకు ఇంత భక్తి కుదిరిందని మా నానమ్మ మురిసిపోయి వాడకట్టంత చెప్పింది.

ఎండకాలమైతే అర్రల మాటే లేదు. వాకిట్లో నులక మంచాలు వరుసగ పడేవి. పెద్దనాన్న గురక, చిన్నత్త గుసగుస, ఎవరో లేచి రంజన్‌లో నీళ్లు ముంచుకున్న చప్పుడు. ఎవరి మాటలు ఎవరికైనా వినవడేవి. చిన్నత్త పెండ్లి సంబంధం తప్పిపోయిన సంగతి నాకు ఆ మంచాల మీదనే తెలిసింది. ఇప్పటి స్లాబు ఇండ్లలో అర్రకొక ఫ్లష్ డోరు, డోరుకు కిందొక బేడం మీదొక బేడం. ఇల్లు కట్టేటప్పుడు వడ్రంగి అడిగిండు, "పిల్లల రూముకు గూడ లోపలికెల్లి బేడం పెట్టాల్నా?" అని. పెట్టుమన్నది మా ఆయనే. ఈ ముచ్చట నేను ఇంకా యాది మరువలేదు, ఆయనను మరువనియ్యను. పరదా చాలు అని నేను అప్పుడే అన్న. పరదాకు గాలి తాకితే కదులుతది, మనిషి ఉన్నదో లేదో తెలుస్తది, అత్తర్లు పూసుకుంటే వాసన బయటికొస్తది. ఫ్లష్ డోరు ఏం చెప్తది?

"నీకు తలుపు పిచ్చి పట్టిందే" అంటది గాజుల దుకాణపామె.

మేం ముగ్గురం. ఒకే బడి, ఒకే బెంచీ. పేర్లు రాస్తే ఇద్దరూ నాతో మాట్లాడరు కాబట్టి ఒకామెను దుకాణపామె అంట, ఇంకొకామెను మస్కటామె అంట. ఈమె ఎన్నడూ మస్కట్ పోలే, మొగడు పోయిండు. మా జగిత్యాల దిక్కు ఇంటికొకరు దుబాయో మస్కటో పోతరు గనుక ఇది పేరు కింద లెక్క. నేను సర్కారు బడిలో లెక్కలు చెప్త. గుడికి పోయే తొవ్వలో ఉన్న ఆ దుకాణంలో, యాత్రికులు తక్కువున్న మధ్యాహ్నం, స్టూళ్ల మీద కూచొని సర్వపిండి తుంచుకుంటూ పిల్లల ముచ్చట పెడతం. ధర్మపురి వచ్చినోళ్లకు యమపురి లేదంటరు. వచ్చిపోయేటోళ్లకు లేకపోవచ్చు. ఇక్కడనే ఉండి పదహారేండ్ల పోరగాండ్లను సాదేటోళ్ల సంగతి, ఆ పక్కనే గుడి కట్టుకొని కూచున్న యమధర్మరాజునే అడగాలె.

మస్కటామె కొడుకు ఇంటర్. తండ్రి శుక్రవారం సెలవునాడు ఇమోలో ఫోన్ చేస్తడు. ఆమె ఫోనును పప్పు డబ్బాకు ఆనిచ్చి నిలబెడితే, తండ్రి అందులకెల్లి కొడుకును తిడతడు. కటింగ్ ఏందిరా, చెవు పక్కన గీతలేందిరా, బండి మీద రాయపట్నం బ్రిడ్జి దాక ఎందుకు పోయినవురా. అక్కడ మనకంటె గంటన్నర వెనుక. ఇక్కడ అన్నం యాళ్లకు తిట్లు మొదలైతే, ఆయనకక్కడ ఇంక పొయ్యి మీద కుక్కర్ కూతపెట్టదు. పిలగాడు తల వంచుకొని వింటున్నట్టే ఉంటడు. ఒకనాడు ఈమె దగ్గరికి పోయి చూస్తే స్పీకరు ఎప్పుడో బంద్ చేసిండు. తండ్రి నోరు ఆడుతున్నది, గొంతు రాదు. "మరి నువ్వేం జేసినవే?" అన్న నేను. "ఏం జేస్త? నాకు గూడ జర పానం నిమ్మళమైంది" అన్నది.

ఇట్ల నవ్వుకుంటుంటే దుకాణపామె ఒక మాట అన్నది.

"నీ బిడ్డ ఎంపీసీ తీసుకోదంట. సీఈసీ చదువుతదంట."

"నీకెవలు చెప్పిండ్రు?"

"అదే చెప్పింది. నిన్న ఈడ కూసోని."

నేను లెక్కల టీచరును. నా బిడ్డ లెక్కలు వద్దన్న సంగతి నాకు గాజుల దుకాణంలో తెలిసింది. అది బడి నుంచి వచ్చేటప్పుడు అక్కడ ఆగుతదట. యాత్రికుల ఆడవాళ్లు కెలికిపోయిన గాజులను సైజులవారీగ పెడుతదట. రెండు-నాలుగు ఒక కట్ట, రెండు-ఆరు ఒక కట్ట, రెండు-ఎనిమిది ఒక కట్ట. చేతులు పనిలో ఉండంగ నోరు విచ్చుకుంటదట. బ్యాంకు పరీక్షలు రాయాలని ఉందట, తరగతిలో ఒక స్నేహితురాలితోని మాటల్లేవట, అమ్మ జామకాయలు తెచ్చి తలుపు కొడుతుంటే పాపమనిపిస్తదట. పాపమట! ఆ మాట తలుపు తీసి చెప్తే నాకు ఎన్ని జామకాయలు మిగులు!

కోపమొచ్చింది. ఊరుకున్న, ఎందుకంటే దుకాణపామె కొడుకు నా బడిలోనే చదువుతడు, వాని ముచ్చట్లు నా దగ్గర ఉన్నయి. ఇంట్లో "ఆ", "ఊ", "సరే" తప్ప నోట్లోంచి రాని పిలగాడు, ఇంటర్వెల్‌లో నా టేబుల్ దగ్గర నిలబడి తాత షుగర్ గురించి, అప్పు తీరని దుకాణం కిరాయి గురించి, ఐటీఐ చేసి మెకానిక్ షెడ్డు పెట్టుకుంట అన్నదాని గురించి చెప్తడు. ఆమెకేమో వాడు ఇంజినీరు కావాలని ఉంది. మస్కటామె కొడుకు మా ఇంటికొచ్చి పచ్చిపులుసు పోసుకొని తింటడు. "మీ ఇంట్ల మస్తుంటది అత్తమ్మా" అంటడు. వాళ్లింట్లో పచ్చిపులుసు పేరెత్తితే పల్లెం జరుపుతడట. నా బిడ్డ సంగతి దుకాణంలో, దుకాణపామె కొడుకు సంగతి నా బడిలో, మస్కటామె కొడుకు సంగతి మా వంటింట్లో. ఎవరి పిల్లల ముచ్చట వాళ్లకు కావాలంటే మిగతా ఇద్దరి దగ్గరికి పోవాలె. ఇప్పుడు మా మధ్యాహ్నాలు ఈ బదులుకే సరిపోతున్నయి. సర్వపిండి సాకు.

ఈ పిల్లలకు మాటలు రావని మాత్రం అనుకోవద్దు. బాసర ట్రిపుల్ ఐటీ యాదికి తెచ్చుకోండి. 2008లో పెట్టింది, పదో తరగతి మార్కుల మీద సీటిచ్చి ఆరేండ్లు చదివిస్తది, మా దిక్కు తల్లులందరికీ దాని మీదనే ఆశ. 2022 జూన్‌లో అక్కడి పిల్లలు వేలమంది గేటు దగ్గర ఎండకు, వానకు వారం దాక కూచున్నరు. 12 డిమాండ్లు కాయితం మీద రాసుకున్నరు. మంత్రి వచ్చి మాట్లాడినంకనే లేచిండ్రు. మేం ముగ్గురం దుకాణంలో చిన్న టీవీ ముందు కూచొని చూసినం. గొడుగు కింద ఒక పిల్ల మైకు పట్టుకొని ఎంత నిదానంగ మాట్లాడింది! మస్కటామె అన్నది, "గంత మంది ఒక్క మాట మీద ఎట్లున్నరే? మా ఇంట్ల ఒక్కడే, అన్నంల ఏం కూర గావాల్నో చెప్పడు."

అందరూ ఫోనునే తిడతరు. నేను తిట్టను. 2020 సెప్టెంబర్‌లో దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు పిల్లలు చూస్తున్నరా లేదా అని ఇల్లిల్లు తిరిగినదాన్ని. టీవీ లేనోళ్లను ఫోనైనా సంపాయించుమని చెప్పింది మేమే. ఇప్పుడు గుంజుకుంటే ఏం న్యాయం? నా పోరు ఫోనుతోని కాదు, బేడంతోని.

అసలు నా బిడ్డ గురించి నాకంటె ఎక్కువ తెలిసినోడు ఇంకొకడున్నడు. సంక్రాంతి పోంగనే ఇంటికొచ్చిండు. కార్పొరేట్ కాలేజీ పీఆర్వో. పేరు పెద్దది, కొంపలు ముంచే ఫీజు, ఎందుకులెండి ఏ కాలేజో. ఇన్‌షర్టు, మెడలో కార్డు, చేతిలో ట్యాబు. నోటిఫికేషన్ రాకముందు అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్ బోర్డు ఏటేటా పేపర్లో వేయిస్తది, వీళ్లు ఏటేటా సోఫాలో కూచొని చాయ్ తాగుతరు. ఆ ట్యాబులో నా బిడ్డ పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు, ఎస్ఏ వన్‌లో సబ్జెక్టువారీగ మార్కులు. ఆ మార్కులు నేనింకా చూడనే లేదు!

"మ్యాథ్స్ కొంచెం వీక్ మేడం. మా దగ్గరేస్తే ఎంసెట్ ర్యాంకు గ్యారంటీ" అన్నడు. 2024లో దాన్ని ఈఏపీసెట్ అని పేరు మార్చిండ్రు గాని, పీఆర్వో నోట్లో, మా నోట్లో అది ఎంసెట్టే. "హాస్టల్‌ల ఫోన్ బంద్ మేడం. రూములకు లోపలికెల్లి బేడాలే ఉండయ్."

బేడాలే ఉండవంటే ఒక్క నిమిషం నా మనసు జారింది, అబద్ధమెందుకు. మా ఆయన దగ్గిండు. పిలగాడు కార్డిచ్చి పోయిండు. పాపం వానికి టార్గెట్ ఉందట, తక్కువైతే జీతం కోస్తరట. బీటెక్ చదివినోడే. ఆ సంగతి వాళ్లమ్మకు తెలుసో లేదో.

చండామార్కులకు సుత ఇట్లాంటి పీఆర్వో ఎవరన్నా ఉండెనా అని అప్పటిసంది నాకు అనుమానం. హిరణ్యకశిపుడు కొడుకును రెసిడెన్షియల్‌లో వేసిండు గదా, శుక్రాచార్యుని కొడుకులే గురువులు, ఫ్యాకల్టీకి తక్కువ లేదు. కొన్నాళ్లకు పిలిపించి, ఒళ్లో కూచోబెట్టుకొని, ఏం నేర్చుకున్నవురా అని అడిగిండు. వచ్చిన జవాబు మనకు తెలుసు. ఇది నీకెవరు నేర్పిండ్రని తండ్రి గద్దిస్తే, పిలగాడు హరి మహిమ చెప్పిండు గాని అసలు ముచ్చట చెప్పలేదు. తల్లి కడుపులో ఉండంగ నారదుని దగ్గర విన్న సంగతి ఎవరికి చెప్పిండనుకున్నరు? గురువులు అవతలికి పోయినప్పుడు, తోటి రాక్షసుల పిల్లలకు. వాళ్లు అడిగిండ్రు, చెప్పిండు. వాళ్ల తల్లులకు ఆ సాయంత్రమే తెలిసుంటది. తండ్రి ఏనుగులను తెప్పించిండు, పాములను తెప్పించిండు, కొండ మీదికెల్లి తోయించిండు. పక్కింటామెను మాత్రం అడగలేదు. ఇంత కథ జరిగినంక స్తంభంలకెల్లి వచ్చిన స్వామి మా ఊర్లో యోగంలో కూచున్నడు. పక్క గుడిలో ఉగ్రరూపం గూడ ఉంది. నేను ఇంట్లో లొల్లి అయిననాడు ఆ గుడికి పోత, మనసు బాగున్ననాడు ఈ గుడికి పోత.

ఈ కథంత దుకాణంలో చెప్తే మస్కటామె, "నీ బిడ్డకు పరీక్షలు జాతరలనే వస్తున్నయి సూస్కో" అన్నది. అదొక గోస. మా స్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో, ఇంటర్ పరీక్షలు, పది పరీక్షలు సుత ఆ ఎడతోనే. ఊరంత మైకులు, పుట్నాల బండ్లు, పిల్లలు పుస్తకాలు ముందేసుకొని చెవులు బయట పెడతరు. మేం చదివినప్పుడు సుత ఇంతే. తెప్ప మీద స్వామి కోనేట్లో తిరిగి, నడుమ మండపంలో ఊయలూగుతుంటే, చుట్టూ మెట్ల మీద ఇసుక పోస్తే రాలనంత జనం. బుక్కా గులాలు చల్లుతుంటే ఎవరి మొఖం ఎవరిదో తెల్వకపోయేది. రేపు సాంఘిక శాస్త్రం పరీక్ష పెట్టుకొని ముగ్గురం ఇంట్లో అబద్ధం చెప్పి పోయినం. నోట్సు తెచ్చుకుంటమని ఒకరు, గుడికని ఒకరు, నేనేం చెప్పిన్నో యాదికి లేదు. ఆ తొక్కిసలాటలో ఒకామె కాలు జారి కోనేట్లో పడ్డది. పట్టు పావడ తడిసి, మోకాలు గీరుకపోయి, బత్తీసల పొట్లం నీళ్ల పాలైంది.

"పడ్డది నేను" అన్నది దుకాణపామె.

"నువ్వెట్ల పడ్తవే? నిన్ను పట్టుకున్నది నేను. పడ్డది ఇది" అని మస్కటామె నన్ను చూపించింది.

నేను పడలేదు. నాకు అప్పుడు పట్టు పావడనే లేదు, కాటన్‌ది. దుకాణపామె చీర కుచ్చెళ్లు జర పైకి లేపి మోకాలి మీద మచ్చ చూపించింది. అది సైకిల్ మచ్చ అని మాకిద్దరికీ తెలుసు, బస్టాండు దగ్గర పడ్డప్పుడు మేమే లేపినం. కాదు కోనేటిదే అంటది. లొల్లి పెద్దదై, గాజులు చూస్తున్న నిజామాబాద్ దిక్కు ఆడవాళ్లు ఇద్దరు మమ్ముల చూసుకుంట నిలబడ్డరు. మస్కటామె వాళ్లమ్మకు ఎనభై దాటినా యాది గట్టిది, ఆ రోజు మా ముగ్గురి వీపులు మోగించింది సుత ఆమెనే. రేపు ఆమెను అడుగుదామన్నరు. అడగనియ్యండి. పావడ ఎవరిదో ఆమె చెప్తది.